ఇంటి వైఫై ఎక్కడ తెగుతోంది? బస్తర్ ఉదాహరణగా ఒక పరిశీలన



ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు ఈ రోజే చివరి తేదీ అనుకోండి. ఫారం నింపారు, ఫోటో జోడించారు, రుసుము చెల్లించే పేజీ వచ్చింది. అక్కడ తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఫోన్‌లో వైఫై గుర్తు మాత్రం నిండుగా కనిపిస్తోంది. ఇంట్లో ఒకరు రూటర్ పాడైందంటారు, ఇంకొకరు కంపెనీ వాళ్ళదే తప్పంటారు. వాన వల్లే అనేవారూ ఉంటారు. వీరిలో ఎవరి మాట నిజం? ఊహలతో దీనిని తేల్చలేం. భౌతికశాస్త్రం తరగతిలో మీరు చదివిన తరంగాలు, శక్తి, సంవర్గమానాలు ఇక్కడ అక్కరకు వస్తాయి. ఇంట్లోని నిస్తంత్రీ ఇంటర్నెట్ ఎందుకు నిలకడగా ఉండదో, లోపం ఎక్కడుందో క్రమపద్ధతిలో ఎలా కనుక్కోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

బస్తర్‌ను ఎందుకు ఎంచుకున్నాం?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ భాగంలో బస్తర్, కొండగాఁవ్, కాంకేర్, నారాయణ్‌పూర్, దంతేవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాలను కలిపి బస్తర్ డివిజన్ అంటారు. దీని కేంద్రం జగదల్‌పూర్. రాయపూర్ నుంచి జగదల్‌పూర్, కోంటాల మీదుగా విజయవాడ వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం గుండానే సాగుతుంది. కోంటా, భోపాలపట్నం ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సాల వృక్షాల అడవులు, కొండలు, ఇంద్రావతి, శబరి నదులు, దూరదూరంగా విసిరేసినట్టుండే పల్లెలు ఇక్కడి భౌగోళిక స్వరూపం. దీనికి తోడు దశాబ్దాలపాటు సాగిన హింస వల్ల రోడ్లు, తీగలు, టవర్లు వేయడం చాలా ఆలస్యమైంది.

2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో, ఈ ఏడు జిల్లాలను ఆప్టికల్ ఫైబర్‌తో కలిపే బస్తర్ ఇంటర్నెట్ పథకం తొలి దశను ప్రధానమంత్రి ప్రారంభించారు. ఫైబర్ పట్టణానికి వచ్చినంత మాత్రాన ప్రతి ఇంటిలోని ప్రతి గదికీ ఇంటర్నెట్ వచ్చినట్టు కాదు. ఫైబర్ పెట్టె నుంచి మీ చేతిలోని ఫోన్ వరకు ఉన్న చివరి పది మీటర్లు ఒక్కోసారి మొదటి మూడువందల కిలోమీటర్ల కంటే కష్టంగా ఉంటాయి. మట్టి గోడలు, పెంకుల కప్పులు, రేకుల షెడ్లు, కొత్తగా కట్టిన కాంక్రీటు గదులు, ఎక్కువతక్కువలయ్యే కరెంటు, భారీ వర్షాలు అన్నీ బస్తర్‌లో ఒకేచోట ఎదురవుతాయి. అందుకే ఈ పాఠానికి ఇది తగిన ఉదాహరణ. ఇక్కడ నేర్చుకున్నది ఆదిలాబాద్‌లోనైనా, పాడేరులోనైనా ఉపయోగపడుతుంది.

నాలుగు అంచెల దారి

మీ ఫోన్ నుంచి బయలుదేరిన సమాచారం నాలుగు అంచెలు దాటాలి. మొదటి అంచె ఫోన్ లేదా కంప్యూటర్. రెండవది ఫోన్‌కు, రూటర్‌కు మధ్య ఉన్న గాలి. వైఫై అంటే నిజానికి ఈ ఒక్క అంచె మాత్రమే. మూడవది రూటర్, ఫైబర్ మోడెమ్, వాటికి కరెంటు ఇచ్చే అడాప్టర్. నాలుగవది ఇంటి బయట ఉన్న ఫైబర్ లేదా టవర్, దాని వెనక ఉన్న యావత్ ఇంటర్నెట్.

ఫోన్‌లో కనిపించే వైఫై గీతలు రెండవ అంచె గురించి మాత్రమే చెబుతాయి. గీతలన్నీ నిండుగా ఉండి కూడా నాలుగవ అంచె తెగిపోయి ఉండవచ్చు. బిందె నిండా నీళ్ళు ఉన్నంత మాత్రాన ఊరి బావిలో నీళ్ళు ఉన్నట్టు కాదు కదా! ఈ తేడా తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. బయట ఫైబర్ తెగితే ఇంట్లో కొత్త రూటర్ కొంటారు. లోపం పడకగది గోడలో ఉంటే నెలకు ఎక్కువ చెల్లించి వేగవంతమైన ప్లాన్ తీసుకుంటారు. రెండింటిలోనూ లోపం ఎక్కడిదక్కడే ఉంటుంది.

మొదటి పరీక్ష: ఇంట్లోనా, బయటా?

కంప్యూటర్‌లో పింగ్ అనే చిన్న ఆదేశం ఉంటుంది. ఇది ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి, జవాబు రావడానికి ఎంత సమయం పట్టిందో మిల్లీసెకన్లలో చెబుతుంది. లోయలో కేక వేసి ప్రతిధ్వని కోసం ఎదురుచూడటం లాంటిదే ఇది. ఫోన్‌లోనూ ఇదే పని చేసే ఉచిత యాప్‌లు ఉన్నాయి.

ముందుగా మీ రూటర్‌కు పింగ్ చేయండి. దాని చిరునామా సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 అని ఉంటుంది. రూటర్ అడుగున అంటించిన చీటీ మీద చూడవచ్చు. తరువాత బయటి ప్రపంచంలోని ఒక చిరునామాకు, ఉదాహరణకు గూగుల్ సంస్థ నడిపే 8.8.8.8కు పింగ్ చేయండి. చివరగా అంకెలకు బదులు ఏదైనా వెబ్‌సైట్ పేరుతో పింగ్ చేయండి. ఇప్పుడు ఫలితాలను ఇలా అర్థం చేసుకోవాలి.

1. రూటర్ నుంచే జవాబు సరిగా రాకపోతే, లేదా ఒకసారి 3 మిల్లీసెకన్లు, మరోసారి 400 మిల్లీసెకన్లు పడితే, లోపం ఇంటిలోపలే ఉంది.

2. రూటర్ వెంటనే జవాబిస్తూ, బయటి అంకెల చిరునామా నుంచి జవాబు రాకపోతే, లోపం రూటర్‌కు అవతల ఉంది.

3. అంకెల చిరునామా జవాబిచ్చి, పేరు మాత్రం పనిచేయకపోతే, పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ సేవలో లోపం ఉంది.

4. మూడూ పనిచేస్తూ ఒక్క వెబ్‌సైట్ మాత్రమే తెరుచుకోకపోతే, ఆ వెబ్‌సైట్ మీదే ఒత్తిడి ఎక్కువగా ఉండవచ్చు. చివరి తేదీ నాడు దరఖాస్తుల సైట్లకు తరచుగా జరిగేది ఇదే.

కొన్ని వెబ్‌సైట్లు పింగ్‌కు జవాబివ్వకుండా నిరోధించుకుంటాయి. కనుక ఒక్క చిరునామాతో నిర్ణయానికి రాకండి. అలాగే ఫోన్‌లో తేదీ, సమయం తప్పుగా ఉంటే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు. చూడటానికి అది కూడా ఇంటర్నెట్ లోపంలాగే ఉంటుంది. దానిని సరిచేయడానికి అర నిమిషం చాలు.

గాలిలో తరంగం, దారిలో గోడ

లోపం ఇంట్లోనే అని తేలితే, ఇప్పుడు రెండవ అంచెను పరిశీలిద్దాం. 1895లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, అవతలి గదిలో గంట మోగించి చూపారు. వైఫై రూటర్ చేసేది కూడా అలాంటి పనే. వైఫై తరంగాల పౌనఃపున్యం సుమారు 2.4 గిగాహెర్ట్జ్ లేదా 5 గిగాహెర్ట్జ్ ఉంటుంది. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కు అది 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌కు 6 సెంటీమీటర్లు.

ఈ తరంగం ఒక వస్తువును తాకినప్పుడు కొంత పరావర్తనం చెందుతుంది, కొంత శోషణమవుతుంది, మిగిలింది అవతలికి వెళుతుంది. లోహపు రేకు దాదాపు అంతటినీ వెనక్కి కొడుతుంది. రేకుల గోడ ఉన్న కొట్టులో రూటర్ పెడితే ఇంట్లోకి సంకేతం రాదు. ఇనుప బీరువా, నీళ్ళ ట్యాంకు, పెద్ద అద్దం కూడా మంచి అడ్డంకులే. నీరు ఈ తరంగాలను బాగా శోషిస్తుంది. అందుకే మందపాటి మట్టి గోడ ఎండాకాలంలో కంటే వానాకాలంలో తడిసినప్పుడు ఎక్కువ శక్తిని మింగుతుంది. కాంక్రీటు గోడలోని ఇనుప చువ్వలు కూడా తరంగాన్ని బలహీనపరుస్తాయి. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ వేగాన్ని ఇస్తాయి గాని, గోడలు దాటడంలో 2.4 కంటే వెనకబడతాయి. కనుక రూటర్ ఉన్న గదిలో 5ను, రెండు గోడల అవతల 2.4ను వాడటం మంచిది. రూటర్ అమరికలలో ఈ రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టుకుంటే ఏది వాడుతున్నారో మీకు తెలుస్తుంది.

శక్తి ఎంత తగ్గుతుందో లెక్క వేద్దాం. రూటర్ 100 మిల్లీవాట్ల శక్తిని పంపుతోందనుకోండి. ఒక మిల్లీవాట్‌ను సున్నాగా తీసుకునే డెసిబెల్ కొలతలో ఇది 20 అవుతుంది. ఈ కొలతలో ప్రతి 10 తగ్గుదలకు శక్తి పదో వంతవుతుంది. ప్రతి 3 తగ్గుదలకు సుమారు సగమవుతుంది. వైఫై వివరాలు చూపే యాప్‌లో మీ ఫోన్‌కు అందుతున్న సంకేతం మైనస్ 70 అని కనిపించిందనుకోండి. అంటే 20 నుంచి మైనస్ 70 వరకు మొత్తం 90 డెసిబెళ్ళ నష్టం. పంపిన శక్తిలో వంద కోట్లో వంతు మాత్రమే ఫోన్‌కు చేరింది! అయినా అది పనిచేస్తోంది. ఆధునిక గ్రాహకాల సామర్థ్యం అంతటిది. సుమారుగా చెప్పాలంటే మైనస్ 50 చాలా మంచిది, మైనస్ 67 వీడియో పాఠానికి సరిపోతుంది, మైనస్ 80 దాటితే తరచుగా తెగుతుంది.

అందువల్ల ఖర్చులేని మొదటి చికిత్స రూటర్ స్థానం మార్చడమే. ఇంటి మూలన, నేల మీద, టీవీ వెనక, బీరువా పక్కన కాకుండా, ఇంటి మధ్యలో మనిషి ఎత్తున, తెరచిన చోట పెట్టండి. ఒక గోడ శక్తిని పదో వంతుకు తగ్గిస్తుందనుకుంటే, రెండు గోడలు నూరో వంతుకు, మూడు గోడలు వెయ్యో వంతుకు తగ్గిస్తాయి. దారిలో ఒక్క గోడ తగ్గించినా లాభం పదింతలు.

సంకేతాన్ని ముందుకు పంపే రిపీటర్ కొనేవారు దానిని సంకేతం రాని గదిలోనే పెడతారు. ఇది తర్కవిరుద్ధం. తనకే వినపడని మాటను ఎవరైనా ఇంకొకరికి ఎలా చెబుతారు? సంకేతం ఇంకా బాగున్న సగం దూరంలో దానిని పెట్టాలి. ఒకే రేడియో ఉన్న రిపీటర్ ప్రతి మాటనూ విని మళ్ళీ చెప్పాలి కనుక వేగం సుమారు సగమవుతుందని కూడా గుర్తుంచుకోండి. వీలైతే రెండవ గదికి ఈథర్‌నెట్ కేబుల్ లాగడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

అందరూ ఒకేసారి మాట్లాడితే

సంకేతం మైనస్ 50 ఉంది, అయినా రూటర్ నుంచి జవాబు ఆలస్యమవుతోంది. అప్పుడేమనుకోవాలి? వైఫైలో ఒకే చానల్ మీద ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి. ప్రతి పరికరమూ ముందు విని, నిశ్శబ్దంగా ఉంటేనే మాట్లాడుతుంది. ఇద్దరి మాటలు ఢీకొంటే ఇద్దరూ కొంతసేపు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తారు. కనుక పక్కింటి రూటర్ మీ చానల్ మీదే ఉంటే, ఒకరి వంతు కోసం మరొకరు వేచి ఉండాలి.

2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో చానళ్ళ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. కాని ఒక్కో చానల్ సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది. అందుచేత ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. పక్కింటివారు 6 మీద ఉన్నారని మీరు 7కు మారితే పరిస్థితి మెరుగుపడదు, ఇంకా దిగజారవచ్చు. ఒకే చానల్ మీద ఉంటే ఒకరి మాట మరొకరు విని వంతులు పాటిస్తారు. సగం సగం కలిసిన చానళ్ళలో అవతలివారి మాట వట్టి రొదలా వినిపిస్తుంది. జగదల్‌పూర్ వంటి పట్టణంలో ఇళ్ళు దగ్గరగా ఉన్న వీధిలో ఇది ముఖ్యం. అడవి అంచున ఒంటరిగా ఉన్న ఇంటికి ఈ సమస్య దాదాపు ఉండదు. ఏ సమస్య ఎక్కడ సంభవమో ఆలోచించడం కూడా పరిశీలనలో భాగమే.

మరొక విషయం. దూరంగా ఉన్న ఫోన్‌కు సంకేతం బలహీనంగా ఉంటే, తప్పులు రాకుండా రూటర్ దానితో నెమ్మదిగా మాట్లాడుతుంది. నెమ్మదిగా మాట్లాడేవారు ఎక్కువ సమయం తీసుకుంటారు. కనుక పెరట్లో కూర్చుని ఒకరు వీడియో చూస్తుంటే, రూటర్ పక్కనే ఉన్న మీ పని కూడా మందగిస్తుంది.

కరెంటును మరవకండి

రూటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే. సాధారణంగా దానికి 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కావాలి. సాయంత్రం ఊరంతా దీపాలు, మోటార్లు వేసినప్పుడు వోల్టేజి పడిపోతే, నాసిరకం లేదా పాతబడిన అడాప్టర్ సరైన శక్తి ఇవ్వలేదు. రూటర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. కరెంటు ఒక్క క్షణం పోయినా, ఫైబర్ పెట్టె మళ్ళీ సిద్ధం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మీకది ఇంటర్నెట్ లోపంలా కనిపిస్తుంది. రోజూ ఒకే సమయంలో తెగుతుంటే ముందుగా దీపాలు మసకబారుతున్నాయేమో గమనించండి. రూటర్‌ను ఇన్వర్టర్ మీద గాని, రూటర్ల కోసం దొరికే చిన్న బ్యాటరీ యూపీఎస్ మీద గాని రెండు రోజులు నడపండి. తెగడం ఆగితే కారణం దొరికినట్టే.

ఇంటి బయట

ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగితే బయటి నుంచి కాంతి సంకేతం రావడం లేదని అర్థం. రోడ్డు పనుల్లో తీగ తెగి ఉండవచ్చు, లేదా ఇంట్లోనే తీగ గట్టిగా వంగి ఉండవచ్చు. గాజు తంతువులో కాంతి సంపూర్ణాంతర పరావర్తనం వల్ల ప్రయాణిస్తుందని మీరు చదివారు. తీగను మరీ వంచితే పతనకోణం సందిగ్ధ కోణం కంటే తగ్గి కాంతి బయటికి కారిపోతుంది. కనుక తీగను మేకుకు మడిచి కట్టకండి. విడిపోయిన ఫైబర్ చివరను కంటికి దగ్గరగా పెట్టి చూడకండి. అందులోని పరారుణ కాంతి కంటికి కనిపించదు, కాని హాని చేయగలదు.

ఫైబర్ లేని పల్లెల్లో ఫోన్ హాట్‌స్పాటే ఇంటి వైఫై. అక్కడ నాలుగవ అంచె టవరే. సంత రోజున వందల ఫోన్లు ఒకే టవర్‌ను పంచుకుంటే ప్రతివారి వాటా తగ్గుతుంది. తెల్లవారుజామున అదే టవర్ చురుకుగా పనిచేస్తుంది.

ఫైబర్ చేరని టవర్లను మైక్రోవేవ్ లంకెతోనో, ఉపగ్రహంతోనో కలుపుతారు. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మీ ప్రశ్న పైకి వెళ్ళి కిందికి రావాలి, జవాబు కూడా అలాగే రావాలి. మొత్తం దాదాపు 1,43,000 కిలోమీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో సుమారు 0.48 సెకను పడుతుంది. కనుక అలాంటి చోట పింగ్ 480 మిల్లీసెకన్ల కంటే తగ్గదు. ఏ రూటర్ కొన్నా ఈ ఆలస్యాన్ని తగ్గించలేరు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు జరిగిన సైట్ ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్‌లతో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ పాఠాలు అందాయి. అక్కడ ఈ ఆలస్యం ఎవరికీ తెలియలేదు. టెలివిజన్ ఒకవైపు ప్రయాణం, ఇంటర్నెట్ ప్రశ్న, జవాబుల ప్రయాణం.

వాన సంగతి ఏమిటి? వాన చినుకులు ఇంట్లోని వైఫైను అడ్డుకోవు. ఇంత తక్కువ దూరంలో ఆ నష్టం లెక్కలోకి రాదు. కాని 10 గిగాహెర్ట్జ్ పైబడిన ఉపగ్రహ, మైక్రోవేవ్ లంకెలను భారీ వర్షం బలహీనపరుస్తుంది. తడిసిన ఆకులు టవర్ సంకేతాన్ని శోషిస్తాయి. అన్నిటికీ మించి, గాలివానకు కరెంటు పోతుంది. వాన నిందితురాలే, కాని నేరం జరిగిన చోటు వేరు.

పరిశీలన పుస్తకం

వారం రోజులపాటు ఒక నోటుపుస్తకంలో ఐదు గడులు గీసి నింపండి: సమయం, గది, సంకేతబలం, రూటర్ పింగ్, బయటి పింగ్. పక్కన కరెంటు, వాన, సంత వంటి విశేషాలు రాయండి. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయండి. రూటర్ జరిపి, చానల్ మార్చి, అడాప్టర్ కొత్తది పెట్టి అన్నీ ఒకే రోజు చేస్తే ఏది ఫలించిందో ఎప్పటికీ తెలియదు. ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ రావడం లేదు" అనే బదులు, "మూడు రోజులుగా రాత్రి 7 నుంచి 9 వరకు రూటర్ 2 మిల్లీసెకన్లలో జవాబిస్తోంది, బయటినుంచి పదిలో ఆరు జవాబులు రావడం లేదు" అని చెప్పండి. అప్పుడు రూటర్‌ను ఆపి వేయమని చెప్పి ఫోన్ పెట్టేయడం అవతలివారికి అంత సులభం కాదు.

లంకె బలహీనంగా ఉన్నా పని ఆగకూడదు

కొన్ని లోపాలు మన చేతిలో ఉండవు. అప్పుడు పనిని లంకెకు తగినట్టు మలచుకోవాలి. 2010లో శుభ్రాంశు చౌధరి ప్రారంభించిన సీజీనెట్ స్వర ఇందుకు మంచి ఉదాహరణ. మధ్య భారతపు ఆదివాసీ ప్రాంతాల ప్రజలు ఇంటర్నెట్ లేకుండానే మామూలు ఫోన్ చేసి తమ సమస్యలను తమ భాషలో చెప్పి రికార్డు చేయించవచ్చు, ఇతరులు చెప్పినవి వినవచ్చు. వీడియోకు లంకె చాలని చోట మాటకు చాలుతుందనే సూత్రం మీద అది నడిచింది.

మీరూ అదే సూత్రం పాటించండి. వీడియో పాఠాలను తెల్లవారుజామున దించుకోండి. దరఖాస్తు ఫోటోను ముందుగానే కోరిన పరిమాణానికి తగ్గించి ఉంచుకోండి. చెల్లింపు పేజీ మధ్యలో ఆగిపోతే వెంటనే రెండోసారి చెల్లించకుండా, మొదటి లావాదేవీ స్థితి చూసుకోండి. గడువును మీ లెక్కలో మూడు రోజులు ముందుకు జరపండి. అంచెలు నాలుగు ఉన్నచోట, వాటిలో ఒకటి ఏదో ఒక రోజు తెగుతుందనుకోవడమే వివేకం.

మీరే చేసి చూడండి

1. ఫోన్‌లో సంకేతబలం చూస్తూ ఇంట్లోని ప్రతి గదిలో కొలత తీసుకుని, ఇంటి పటం మీద గుర్తించండి. అన్నిటికంటే ఎక్కువ శక్తిని మింగుతున్న గోడ ఏది?

2. సంకేతం మైనస్ 60 నుంచి మైనస్ 66కు పడితే అందే శక్తి ఎన్నో వంతవుతుంది?

3. జగదల్‌పూర్ నుంచి రాయపూర్‌కు ఫైబర్ పొడవు 300 కిలోమీటర్లు, గాజులో కాంతి వేగం సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు అనుకుంటే, పోయి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుంది? భూస్థిర ఉపగ్రహంతో పోల్చండి.

4. రూటర్ పింగ్ బాగుంది, బయటి పింగ్ రాత్రిపూట మాత్రమే చెడిపోతోంది, దీపాలు మసకబారడం లేదు. లోపం ఏ అంచెలో ఉండవచ్చు? మీ సమాధానాన్ని నిర్ధారించుకోవడానికి ఇంకా ఏ పరీక్ష చేస్తారు?